ఏ పోచంపల్లి, ఏ తాండూరు: ట్రయాసిక్ ఎముకల అసలు చిరునామా

పోచంపల్లి దగ్గర డైనోసార్ ఎముకలు దొరికాయని ఎక్కడైనా చదివితే నల్లగొండ, భువనగిరి వాళ్లకు ముందు గుర్తొచ్చేవి మగ్గాలు, ఇక్కత్ చీరలు, 1951లో వినోబా భావేకు భూదానం దొరికిన ఊరు. ఎముకలు దొరికిన మాట నిజం. బారాపాసారస్ అనే జురాసిక్ కాలపు భారీ శాకాహారి డైనోసార్‌వి సుమారు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులకు చెందినవి, పోచంపల్లి అనే ఊరి దగ్గర తవ్వి తీశారు. వాటిని కూర్చి నిలబెట్టిన అస్థిపంజరం ఇవాళ కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉంది. అయితే ఆ పోచంపల్లి మన భూదాన్ పోచంపల్లి కాదు. దూరంగా ఉత్తరాన, ప్రాణహిత-గోదావరి లోయలో అదే పేరున్న ఇంకో ఊరు.

తాండూరు సంగతీ అంతే. నాపరాళ్లకు పేరున్న తాండూరు వికారాబాద్ జిల్లాలో ఉంది. మంచిర్యాల జిల్లాలో, బెల్లంపల్లి పక్కన ఇంకో తాండూరు మండలం ఉంది. రాయి గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు తాండూర్ల మధ్య తేడా కోట్ల ఏళ్లు. లండన్‌లోనో కోల్‌కతాలోనో బీరువాలో ఉన్న ఎముక మీద ఉత్త "తాండూరు, హైదరాబాద్ రాజ్యం" అని ఉంటే చదివేవాడు ఎటు పోవాలి?

తెలంగాణ నుంచి వెళ్లిన ట్రయాసిక్ కాలపు ఎముకలకు నూట డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. ట్రయాసిక్ అంటే సుమారు 25.2 కోట్ల ఏళ్ల కిందట మొదలై 20.1 కోట్ల ఏళ్ల కిందట ముగిసిన కాలం. మొదటి డైనోసార్లు పుట్టింది అప్పుడే. పాత సేకరణల్లోని ఎముకలు అచ్చంగా ఎక్కడివో తేల్చడం ఇప్పటికీ సాగుతున్న పని. దీన్ని మ్యూజియం గుమాస్తా పనిగా చూడకూడదు. జంతువు వయసు, అది ఎవరితో కలిసి బతికింది, ఏది ముందు పోయింది, ఏది తర్వాత వచ్చింది, వీటన్నిటికీ ఆధారం ఆ చిరునామాయే. చిరునామా పోయిన ఎముక ఆకారం చూపిస్తుంది గానీ చరిత్ర చెప్పలేదు.

ముందు మన నేల సంగతి తేల్చుకుందాం. క్వారీలోనో బోరు గుంట దగ్గరో వింత ఆకారపు రాయి కనిపించినప్పుడల్లా "ఇది డైనోసార్ ఎముకేనా?" అనే ప్రశ్న వస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ కింద ఎక్కువ భాగం గ్రానైటు, నీసు రాళ్లు. అవి దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి, అంతకన్నా పాతవీ ఉన్నాయి. కృష్ణ ఒడ్డున వాడపల్లి, మట్టపల్లి వైపు సిమెంటుకు తవ్వే సున్నపురాయి, నల్లమల గుట్టల గట్టి ఇసుకరాయి వాటికన్నా కొత్తవే అయినా, వెన్నెముక ఉన్న జంతువు భూమి మీద పుట్టకముందు ఏర్పడ్డవి. పడమర వైపు వికారాబాద్ దిక్కున కనిపించే నల్లరేగడి కింది లావా రాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిది, ట్రయాసిక్ ముగిసిన చాలా కాలానికి పారిన లావా. అంటే ఒక దిక్కున మరీ పాత రాళ్లు, ఇంకో దిక్కున మరీ కొత్త రాళ్లు. ట్రయాసిక్ పొర దక్షిణ తెలంగాణలో లేనే లేదు.

నాపరాయి పలక పగలగొడితే లోపల నల్లటి ఆకు కొమ్మలాంటి గీతలు కనిపిస్తుంటాయి. చాలామంది ఇళ్లలో గచ్చు మీదే చూసి ఉంటారు. అది ఆకు కాదు. రాతి సందుల్లోకి దిగిన నీటిలోని మాంగనీసు, ఇనుము పేరుకుని అలా కొమ్మలు కొమ్మలుగా విచ్చుకుంటాయి. దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఒక రాయి ఎక్కడిదో ఖచ్చితంగా తెలిస్తే, దాన్ని ముట్టుకోకుండానే సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. దామరచర్ల సున్నపురాయి క్వారీలోది అని తెలిస్తే చాలు, ట్రయాసిక్ ఎముక కాదని చెప్పేయొచ్చు. చిరునామాకు ఉన్న బలం అది.

ట్రయాసిక్ రాళ్లు కావాలంటే బొగ్గు గనుల దారి పట్టాలి. ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా గోదావరి వెంట పరుచుకున్న గోండ్వానా రాళ్ల పట్టీలో అడుగున బొగ్గు పొరలు, వాటిపైన ఎర్రమట్టి, లేత రంగు ఇసుకరాళ్ల పొరలు ఉన్నాయి. ఆ ఎర్రమట్టిలోనే ఎముకలు. అందులో అన్నిటికన్నా పేరున్నది పాత ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి అనే ఊరు. ఆ ఊరి పేరే ఒక మొత్తం పొరల వరుసకు పేరైంది: మలేరి ఫార్మేషన్.

ఈ ఎముకల కథ స్టీఫెన్ హిస్లాప్‌తో మొదలవుతుంది. స్కాట్లండ్ నుంచి 1840లలో నాగపూర్ వచ్చిన మతప్రచారకుడు ఆయన. నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజీ ఆయన పేరు మీదిదే. ప్రచారం చేస్తూనే రాళ్లు ఏరారు, తోటి ప్రచారకుడు రాబర్ట్ హంటర్‌తో కలిసి నాగపూర్ చుట్టుపక్కల భూమి గురించి 1855లో వ్యాసం అచ్చువేశారు. మంగళి అనే చోటు నుంచి వెళ్లిన ఒక వెడల్పాటి ఉభయచర పుర్రెను లండన్‌లో రిచర్డ్ ఓవెన్ అదే ఏడాది వర్ణించి బ్రాకియాప్స్ అని పేరు పెట్టారు. హిస్లాప్ 1863లో, టాకల్‌ఘాట్ దగ్గరి పాత రాతి వలయాలు చూసి తిరిగొస్తూ వాగులో మునిగి చనిపోయారు. ఏరిన మనిషి పోతే ఆయన మనసులో ఉన్న చిరునామాలన్నీ ఆయనతోనే పోతాయి. మిగిలేది కాగితం మీద ఎంత రాశారో అంతే.

ఆ కాగితాల మీద ఏముందో చూడండి. 1851లో దక్కన్ నుంచి ఒక శిలాజ చేప లండన్ చేరింది. దాని గురించి కర్నల్ సైక్స్ అచ్చువేసిన చిన్న వ్యాసం శీర్షికలో ఉన్న చిరునామా "దక్కన్ పీఠభూమి". నల్లగొండ దక్కన్ పీఠభూమి మీదే ఉంది. పాలమూరు, పుణె, బీదర్ కూడా ఉన్నాయి. ఆ చేప వచ్చింది ప్రాణహిత ఒడ్డున సిరొంచకు దగ్గర్లోని కోట అనే ఊరి రాళ్లలోంచి. ఆ ఊరు ఇవాళ మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లాలో ఉంది.

ఎనిమిదేళ్లకు, 1859లో, జియలాజికల్ సర్వే అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ కొన్ని చేప పళ్లను వర్ణించారు. సెరాటోడస్ అనే ఊపిరితిత్తుల చేప పళ్లవి. ఒక్కో పన్ను విసనకర్రలా విచ్చుకుని, అంచున పలుగుల్లాంటి గట్లతో ఉంటుంది. ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోలేం. ఆ వ్యాసం శీర్షికలో ఆయన ఇచ్చిన చిరునామా: "మలేడి, నాగపూర్‌కు దక్షిణాన". అంటే మన మలేరి. ఊరి పేరులో ర బదులు డ వచ్చింది. పైగా ఊరు నిజాం రాజ్యంలో ఉంటే దిక్కు నాగపూర్ నుంచి చెప్పారు, ఎందుకంటే ఎముకలు నాగపూర్ దారిన బయటికి పోయాయి. ఇందులో అబద్ధం ఏమీ లేదు. మలేరి నాగపూర్‌కు దక్షిణాననే ఉంది. కానీ ఇవాళ ఆ ఒక్క మాట పట్టుకుని వెతికేవాళ్లు చంద్రాపూర్ జిల్లా అంతా తిరుగుతారు తప్ప ఆసిఫాబాద్ వైపు రారు.

దీనికి తోడు పాలకులు మారినప్పుడల్లా చిరునామా మారింది. మలేరి దగ్గర ఏ గుట్టా కదల్లేదు. అయినా అక్కడి ఎముకకు ఒక లేబుల్ మీద నిజాం రాజ్యం అని, ఇంకో దాని మీద హైదరాబాద్ దక్కన్ అని, 1956 తర్వాతి వాటి మీద ఆంధ్రప్రదేశ్ అని, 2014 తర్వాత తెలంగాణ అని వస్తుంది. 2016లో ఆదిలాబాద్ జిల్లా నాలుగు ముక్కలై ఆసిఫాబాద్, మంచిర్యాల, నిర్మల్ విడిపోయాయి. పరిశోధన పత్రాల్లో వేలసార్లు రాసిన "ఆదిలాబాద్ జిల్లా, ఆంధ్రప్రదేశ్" అనే చిరునామాలో ఇప్పుడు జిల్లా మాటా, రాష్ట్రం మాటా రెండూ కాలం చెల్లినవే. మన దిక్కు వాళ్లకు ఇది కొత్తేమీ కాదు. పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది. మన కాలంలోనే అందులోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, ఆ తర్వాత నారాయణపేట వచ్చాయి. నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి వచ్చాయి. తాత పేరు మీద ఉన్న పట్టా పట్టుకుని ఇప్పటి మండలంలో సర్వే నంబరు వెతికిన రైతుకు ఎముకల చిరునామా వెతకడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

చిరునామా కలగాపులగం అయితే వచ్చే నష్టానికి మంచి ఉదాహరణ కోట, మలేరి జోడీయే. పందొమ్మిదో శతాబ్దంలో ఈ రెండు ఊర్ల రాళ్లను కలిపి "కోట-మలేరి" అని ఒకే గుంపుగా రాసేవారు. విలియం కింగ్ 1881లో ప్రాణహిత-గోదావరి లోయ మీద రాసిన పెద్ద నివేదిక కాలంలోనూ ఆ జంట పేరే వాడుకలో ఉంది. కోట చేపలు చూస్తే ట్రయాసిక్ తర్వాతి జురాసిక్ కాలపువి అనిపించేవి. మలేరి సరీసృపాలు చూస్తే ట్రయాసిక్ అనిపించేవి. ఒకే గుంపు రాళ్లకు రెండు వయసులెట్లా అని పండితులు వాదించుకున్నారు. తర్వాతివాళ్లు పొర పొరా నడిచి, కొలిచి, పటం గీసినాక రెండూ విడిపోయాయి: మలేరి కిందిది, ట్రయాసిక్, కోట పైది, జురాసిక్. ఎముకలు తప్పు చెప్పలేదు. రెండు చిరునామాలను ఒక్కటిగా రాయడం వల్ల వచ్చిన వాదన అది.

సరైన చిరునామా ఎంత దూరం పనిచేస్తుందో కూడా మలేరే చూపించింది. స్కాట్లండ్‌లోని ఎల్గిన్ దగ్గరి ఇసుకరాళ్లలో హైపరోడాపెడాన్ అనే జంతువు దొరికింది. ఆ రాళ్లు చేపల కాలం నాటి పాత ఎర్ర ఇసుకరాళ్లని అప్పట్లో చాలామంది నమ్మకం. 1859లో ఆ జంతువుకు పేరు పెట్టిన థామస్ హక్స్‌లీ, 1869 నాటికి ఇంగ్లండ్‌లో దొరికిన ముక్కల్లోనూ, భారతదేశం నుంచి వచ్చిన మలేరి ముక్కల్లోనూ అదే రకం జంతువును గుర్తించారు. ఎల్గిన్ రాళ్లు ట్రయాసిక్ కాలానివే అనే మాటకు బలం చేకూర్చిన సాక్ష్యాల్లో ఆసిఫాబాద్ ఎర్రమట్టి కూడా ఉందన్నమాట. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేరాగా అయినా ఉండాల్సింది.

హైపరోడాపెడాన్ పై దవడ ముక్కను దగ్గర్నుంచి చూస్తే దాన్ని అంత దూరాన ఎట్లా గుర్తుపట్టారో తెలుస్తుంది. దవడ మీద పళ్లు ఒక వరుసలో కాకుండా పక్కపక్కనే చాలా వరుసలుగా, పలక మీద పొదిగినట్టు ఉంటాయి. మధ్యలో పొడవునా ఒక గాడి. కింది దవడ అంచు ఆ గాడిలోకి కత్తి ఒరలోకి పోయినట్టు దిగుతుంది. గట్టి ఆకులు, కాండాలు కోసుకు తినడానికి అనువైన నోరు. ఈ దవడ పలకలు గట్టివి కాబట్టి మిగతా ఒళ్లంతా చెదిరిపోయినా ఇవి మిగులుతాయి, పాత సేకరణల్లోకి చేరుతాయి. అయితే ఇక్కడే ఇంకో చిక్కు. హైపరోడాపెడాన్ మధ్యప్రదేశ్‌లోని టికి రాళ్లలోనూ దొరుకుతుంది. జంతువును గుర్తుపట్టినంత మాత్రాన ఊరు తేలిపోదు. లేబుల్ లేని దవడ పలక ఒకటి దొరికితే అది మలేరిదా, టికిదా అని అడగడానికి దాని రూపం ఒక్కటే సరిపోదు.

ఏరేవాళ్లు వేరు, వర్ణించేవాళ్లు వేరు కావడం ఈ పాత సేకరణలన్నిటికీ ఉన్న మొదటి బలహీనత. ఓవెన్, హక్స్‌లీ లండన్‌లో కూర్చుని పెట్టె విప్పి చూసినవాళ్లు. రిచర్డ్ లిడెక్కర్ 1885లో మలేరి ఎముకలనూ, మధ్యప్రదేశ్ దెన్వా ఎముకలనూ ఒకే గ్రంథంలో వర్ణించారు. పెట్టెలో పక్కపక్కన ఉన్నవి నేలలోనూ పక్కపక్కన ఉన్నాయనుకోవడం చాలా సులభం. ఆ సులభమైన ఊహ ఎక్కడికి దారితీస్తుందో పారాసూకస్ కథ చెబుతుంది.

మలేరి నుంచి వచ్చిన కొన్ని ముక్కలకు లిడెక్కర్ 1885లో పారాసూకస్ హిస్లోపీ అని పేరు పెట్టారు, హిస్లాప్ గౌరవంగా. అందులో పుర్రె అడుగు భాగం ఒకటి, మూతి ముక్క ఒకటి, కొన్ని పళ్లు, వీపు మీది ఎముక పలకలు ఉన్నాయి. జంతువు మొసలిలా పొడవాటి మూతి ఉండి నీటి పట్టున బతికేది. చాలా ఏళ్ల తర్వాత పోల్చి చూస్తే ఆ పుర్రె అడుగు భాగం పారాసూకస్‌ది కాదు, పైన చెప్పిన హైపరోడాపెడాన్‌ది అని తేలింది. వేటాడే జంతువు పేరు కింద ఆకులు తినే జంతువు ఎముక! మిగిలిన మూతి ముక్క మరీ చిన్నది, దాన్నిబట్టి ఒక జాతిని ఇంకో జాతి నుంచి వేరుచేయలేమని విదేశీ పరిశోధకులు వాదించారు. అంటే హిస్లాప్ పేరున్న జంతువు పేరే ఎగిరిపోయే పరిస్థితి వచ్చింది.

దాన్ని నిలబెట్టింది రెండో తరం సేకరణ. గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ పిలుపు మీద 1957లో లండన్ నుంచి శిలాజ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. గణాంకాల సంస్థలో ఎముకల పని ఏమిటని అనిపించవచ్చు. మహలనోబిస్ దృష్టిలో కొలవదగ్గ ప్రతిదీ గణాంకమే. ఆమె దగ్గర తయారైన ఎస్.ఎల్. జైన్, తపన్ రాయ్ చౌదరి, టి.ఎస్. కుట్టి, శంకర్ ఛటర్జీ ఆదిలాబాద్ పల్లెల్లో మండుటెండలో పొరలు కొలిచారు, నంబర్లు వేశారు. ఆ తవ్వకాల్లో దాదాపు పూర్తి పారాసూకస్ అస్థిపంజరాలు రెండు కలిసి దొరికాయి. వాటిలో ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ఆర్ 42 అనే నంబరున్న దాన్ని ఈ జాతికి కొత్త ప్రమాణ నమూనాగా ఒప్పుకోవాలని ఛటర్జీ 2001లో జంతు నామకరణ అంతర్జాతీయ కమిషన్‌ను కోరారు. కమిషన్ 2003లో ఒప్పుకుంది. 118 ఏళ్లు పట్టింది ఒక పేరు కింద సరైన ఎముకలు చేరడానికి.

ఆ రెండు అస్థిపంజరాల కడుపు చోట చిన్న సరీసృపాల ఎముకలు ఉన్నాయి. వాటికి ఛటర్జీ 1980లో మలేరిసారస్ అని పేరు పెట్టారు, జాతిపేరు రాబిన్సన్ మీద. అవి పెద్దవి మింగిన ఆహారమని ఆయన వివరించారు. ఒక్క క్షణం ఆలోచించండి: ఇవే ఎముకలు 1850లలో దొరికి ఉంటే, పెద్దవి ఒక పెట్టెలో, చిన్నవి ఇంకో పెట్టెలో, "మలేడి" అని రెంటి మీదా రాసి ఓడెక్కించి ఉంటే? రెండు జంతువుల పేర్లు మిగిలేవి. ఎవరు ఎవరిని తిన్నారో ఎన్నటికీ తెలిసేది కాదు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే అనిపిస్తుంది. దొరికిన చోటు అంటే ఊరి పేరొక్కటే కాదు, ఏ ఎముక దేని పక్కన, దేని లోపల ఉందన్నది కూడా.

శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. ఏ రాయి ఏ వరుసలోదో, ఏ మూలదో రాసుకోకుండా విప్పి ఉంటే ఇవాళ అక్కడ గుడి ఉండేది కాదు, రాళ్ల కుప్ప ఉండేది. పాత శిలాజ సేకరణలు చాలావరకు వరుస నంబర్లు లేకుండా విప్పిన గుళ్లే.

జాగ్రత్తగా చేసిన సేకరణలోనూ కలగలుపు జరగొచ్చు. 1987లో ఛటర్జీ మలేరి నుంచే ఒక చిన్న తొలి డైనోసార్‌ను వర్ణించారు. ఇప్పుడు దాని పేరు ఆల్వాకేరియా. 2005లో ఇద్దరు జర్మన్ పరిశోధకులు ఆ ముక్కలన్నీ ఒకే జంతువువి కావని, తొడ ఎముక, చీలమండ ఎముక మాత్రమే డైనోసార్‌వని చూపించారు. ఒకే చోట దొరకడం ఒకే జంతువని రుజువు చేయదు. వాగు చాలా శవాలను ఒకే మడుగులో పోస్తుంది.

సరే, నూట యాభై ఏళ్ల నాటి ఎముక ఒకటి చేతికొచ్చింది, లేబుల్ సగం చిరిగిపోయింది. అసలు చోటు ఎట్లా పట్టుకుంటారు? మొదట చూసేది ఎముకను కాదు, కాగితాన్ని. సిరా రంగు, చేతిరాత, అంటించిన కాగితం ముక్క ఆకారం, ఎముక మీదే రాసిన నంబరు. ఒక్కో సంస్థకు ఒక్కో నంబరు పద్ధతి. అది చేతులు మారిన చరిత్ర కూడా కావాలి: లండన్ జియలాజికల్ సొసైటీ తన మ్యూజియంను 1911లో వదులుకున్నప్పుడు విదేశాల నుంచి వచ్చిన నమూనాలు బ్రిటిష్ మ్యూజియంకు వెళ్లాయి. అలా వెళ్లిన ప్రతిసారీ కొత్త నంబరు పడుతుంది. పాత నంబరు ఒక్కోసారి దాని కిందే ఉంటుంది, ఒక్కోసారి గీకేసి ఉంటుంది.

తర్వాత పాత గ్రంథాల్లోని బొమ్మలు. లిడెక్కర్ కాలంలో ఎముకలను రాతి అచ్చు మీద చాలా శ్రద్ధగా గీసేవారు. విరిగిన అంచు ఆకారం, పగులు పోయిన దారి, ఊడిన పన్ను చోటు, అన్నీ బొమ్మలో ఉంటాయి. చేతిలోని ముక్కను ఆ పటం పక్కన పెట్టి పగుళ్లు సరిపోతే లేబుల్ లేకపోయినా అది ఏదో తెలుస్తుంది, దాంతో గ్రంథంలో రాసిన చోటు కూడా.

ఆ పైన మట్టి. ఎముక పగుళ్లలో, పుర్రె రంధ్రాల్లో మిగిలిన మట్టి ఆ పొర సంతకం. మలేరిలో ఎర్రమట్టి మధ్య సున్నపు గుళికలు కుక్కిన పలచటి పొరలు ఉంటాయి, చేప పళ్లు ఎక్కువగా వాటిలోనే దొరుకుతాయి. ఆ మట్టిని పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. పూడిపోయిన ఎముక భూగర్భ జలం నుంచి కొన్ని అరుదైన లోహాలను పీల్చుకుంటుంది. ఏది ఎంత పాళ్లలో ఉందో కొలిస్తే ఒకే పొరలో పడి ఉన్న ఎముకలు దాదాపు ఒకే తీరు చూపిస్తాయి. అందుకే పాత ఎముకలను మెరిసేలా తోమి కడిగిన మ్యూజియం పనివాళ్లు తెలియక పెద్ద సాక్ష్యాన్ని నీళ్లలో పోశారు.

ఇన్ని చేసి "మలేరి" అని తేల్చినా పని పూర్తికాదు. 1964లో జైన్, రాబిన్సన్, రాయ్ చౌదరి మలేరి కింద ఇంకా పాత ఎర్రమట్టి పొర ఒకటి, వేరే జంతువులతో ఉందని చూపించారు. అది ఎర్రపల్లి ఫార్మేషన్, మధ్య ట్రయాసిక్ నాటిది. అంతకుముందు రాసిన ఏ లేబుల్ మీదా ఆ పేరు ఉండే వీలే లేదు. 1971లో కుట్టి ఇంకో అడుగు వేసి, మలేరి లోపలే రెండు వేర్వేరు జంతు సమూహాలు ఉన్నాయన్నారు. కింది మలేరిలో హైపరోడాపెడాన్, పారాసూకస్ ఉన్నాయి. పై మలేరికి వచ్చేసరికి హైపరోడాపెడాన్ లాంటి ముక్కు జంతువులు, అంటే పక్షి ముక్కు లాంటి మూతి ఉన్న రింకోసార్లు, కనిపించవు, పెద్ద డైనోసార్లు వస్తాయి. కాబట్టి "మలేరి" అనే ఒక్కమాట ఇప్పుడు సగం చిరునామాయే. కింది మలేరా, పై మలేరా?

ఈ ప్రశ్నకు జవాబు రాసి ఉన్నందువల్ల వచ్చిన ఫలితం 2025లో బయటపడింది. దశాబ్దాల కిందట పై మలేరిలో కుట్టి సేకరించిన కొన్ని ఎముకలకు మలేరిరాప్టర్ కుట్టీ అని పేరు పెట్టారు. అది హెరెరాసారియా అనే తొలి మాంసాహారి డైనోసార్ల గుంపుకు చెందింది. సుమారు 22 కోట్ల ఏళ్ల కిందటిది. ముక్కు జంతువులు పోయిన తర్వాత కూడా దక్షిణ ఖండాల్లో ఈ గుంపు బతికే ఉందని పరిశోధకులు రాయగలిగారు. ఆ వాక్యం మొత్తం ఒక్క వివరం మీద నిలబడింది: ఎముక దొరికింది పై పొరలో అని రాసిన నోట్. కుట్టి ఆ నోట్ రాయకపోతే అదే ఎముక, అదే మ్యూజియంలో, ఈ మాట చెప్పలేని ముక్కగా ఉండేది.

ఇందులో తెలుగువాళ్లకు, అందులోనూ ట్రయాసిక్ రాళ్లు లేని దక్షిణ తెలంగాణ వాళ్లకు ఏం పని అనుకోవద్దు. పాత పటాల్లో, నివేదికల్లో ఇంగ్లిష్ అక్షరాల్లో చిక్కుకున్న ఊరి పేర్లను విప్పడం లండన్‌లో కూర్చున్నవాళ్ల వల్ల అయ్యే పని కాదు. మలేడి అంటే మలేరి అని, ఏ పోచంపల్లి ఏదని, ఏ ఊరు ప్రాజెక్టు కింద మునిగి పేరు మిగిలిందని, ఏ గూడెం పక్క ఊరిలో కలిసిపోయిందని చెప్పగలిగేది ఇక్కడి భాష, ఇక్కడి పల్లెలు తెలిసినవాళ్లు. నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో చరిత్ర, భూగోళం చదివే పిల్లలు కింగ్ 1881 నివేదికలోని ఊర్ల పేర్లన్నీ తీసి ప్రతిదానికీ ఇప్పటి గ్రామం, మండలం, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు ఎదురుగా రాసిన ఒక పట్టిక తయారుచేస్తే ఎంతోమంది పరిశోధకులకు అది చేతికర్ర అవుతుంది. దానికి ఎర్రమట్టిలో తిరగనక్కర్లేదు. పాత పటం, ఇప్పటి పటం, రెవెన్యూ గ్రామాల జాబితా, ఓపిక చాలు.

ఎండాకాలం సెలవుల్లో మంచిర్యాల, ఆసిఫాబాద్ చుట్టాల ఊళ్లకు పోయేవాళ్లకు మాత్రం ఇంకో మాట. వాగు కోసిన ఎర్రమట్టి గట్టులో ఎముకలాంటిది కనిపిస్తే పీకొద్దు, కడగొద్దు. పక్కన పెన్నో నాణెమో పెట్టి దగ్గర్నుంచి ఒక ఫొటో, దూరం నుంచి గట్టు మొత్తం కనిపించేలా ఇంకో ఫొటో తీయాలి. ఫోన్‌లో కనిపించే అక్షాంశ రేఖాంశాల అంకెలు, ఊరి పేరు తెలుగులో, తేదీ, గట్టు మీద నుంచి ఎన్ని అడుగుల కింద ఉందో రాసుకోవాలి. హైదరాబాద్ బండ్లగూడలో జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది, అక్కడికి పంపొచ్చు. పంపే కాగితం మీద జిల్లా పేరు పాతదీ కొత్తదీ రెండూ రాయండి.